కంచరపాలెం పెరుగు కొట్టు: నోరు మండినవాళ్ల కోసం ఒక రివ్యూ

ముందే చెప్పేస్తాను. వైజాగ్ కంచరపాలెంలో ఊర్వశి జంక్షన్ దగ్గర సందులో, కర్రీ పాయింట్‌ని ఆనుకుని ఉన్న పెరుగు కొట్టుకి నేను ఐదుకి నాలుగు మార్కులు వేస్తాను. పోయిన ఆ ఒక్క మార్కూ మజ్జిగ వల్లే పోయింది. పెరుగుకి వంక పెట్టడానికి నాకేమీ దొరకలేదు. కొట్టుకి బోర్డు లేదు. నీలం రంగు చెక్క తలుపులు, ముందు ఒక బల్ల, బల్ల మీద తడిగుడ్డ కప్పిన కుండలు. ఎవరినడిగినా "అమ్మగారి పెరుగు కొట్టా?" అని చూపిస్తారు.

ఇక్కడికి వచ్చేవాళ్లలో సగం మంది పెరుగు కోసం రారు. పక్క కర్రీ పాయింట్‌లో కూర తిని, కళ్లు తుడుచుకుంటూ, నోరు తెరిచి గాలి పీల్చుకుంటూ వస్తారు. నేనూ ఆ బాపతే. కాబట్టి ఈ రివ్యూలో పెరుగు రుచి ఒక్కటే చెప్పి ఊరుకోను. కారం తిని నోరు మండుతున్న మనిషికి ఈ కొట్టు ఎంతవరకు ఉపయోగపడుతుందో అదే చెబుతాను.

నేను ఇన్సూరెన్స్ ఏజెంటుని. పొద్దున్న స్కూటీ తీస్తే కంచరపాలెం, మర్రిపాలెం, ఎన్‌ఏడీ కొత్తరోడ్డు తిరిగి ఇంటికి చేరేసరికి సాయంత్రం అవుతుంది. మధ్యాహ్నం భోజనం ఎక్కడ కుదిరితే అక్కడే. పుట్టింది అమలాపురం దగ్గర పల్లెటూళ్లో. కూరలో కొబ్బరి, పులుసులో బెల్లం వేసుకుని పెరిగినదాన్ని. అత్తగారిది నరసరావుపేట. ఆవిడ దృష్టిలో నేను పెళ్లయి ఇన్నేళ్లయినా "కారం తినడం రాని పిల్ల"నే. మా ఆయనా, పిల్లలూ ఆవిడ పక్షం. ఇంట్లో మంట తట్టుకోలేని మనిషిని నేనొక్కదాన్నే కాబట్టి, మంట తగ్గించే వస్తువుల గురించి నాకున్నంత అనుభవం మా బంధువుల్లో ఎవరికీ లేదని గట్టిగా చెప్పగలను.

కర్రీ పాయింట్ గురించి రెండు మాటలు. నాటుకోడి ఇగురు బ్రహ్మాండంగా ఉంటుంది, కారం మాత్రం దారుణం. మూత తీస్తే పైన వేలు మందాన ఎర్రటి నూనె. అన్నంలో వేసుకుంటే ముందు మసాలా తెలుస్తుంది, తర్వాత పులుపు, మూడో ముద్దకి గానీ కారం బయటపడదు. బయటపడ్డాక ఇక ఆగదు. పెదాల అంచులు, నాలుక కొస, అంగిలి వెనక భాగం వరసగా అంటుకుంటాయి. ముక్కు కారుతుంది. ఎదురుగా కూర్చున్న ఆటో డ్రైవర్లు అదే కూర నిమ్మళంగా తింటూ ఉంటారు, అది ఇంకో బాధ.

ఆ నూనె దగ్గరే ఉంది అసలు సంగతి. మిరపకాయలో మంట పుట్టించేది క్యాప్సైసిన్ అనే పదార్థం. అది నూనెలో కరుగుతుంది, నీళ్లలో దాదాపు కరగదు. మావాడు మెడిసిన్ రెండో ఏడు చదువుతున్నాడు, సెలవులకి వచ్చినప్పుడల్లా అన్నం దగ్గర నాకు దీని మీదే క్లాసు. క్యాప్సైసిన్ నాలుకని నిజంగా కాల్చదట. మన నోట్లో వేడిని కనిపెట్టే గ్రాహకాలు ఉంటాయి, వాటిని టీఆర్‌పీవీ1 అంటారు. మామూలుగా 43 డిగ్రీలు దాటిన వేడి తగిలితే అవి మేలుకుని, కాలుతోందని మెదడుకి కబురు పంపుతాయి. క్యాప్సైసిన్ వెళ్లి వాటికే అతుక్కుని, వేడి లేకపోయినా ఆ కబురే పంపిస్తుంది. దీన్ని 1997లో కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కి 2021లో వైద్యంలో నోబెల్ బహుమతిలో వాటా వచ్చింది. "అమ్మా, నీ నోరు కాలలేదు, కాలిందని నీ మెదడు అనుకుంటోంది, అంతే" అంటాడు మావాడు. అనుకోవడమే ఇలా ఉంటే నిజంగా కాలితే ఎలా ఉంటుందో వాడే చెప్పాలి.

ఇది తెలిశాక నాకు అర్థమైన మొదటి విషయం, వేడివేడి కూర ఎందుకు ఎక్కువ మండుతుందో. అసలు వేడీ, మిరప తెచ్చిన దొంగ వేడీ రెండూ ఒకే తలుపు తడతాయి. పైగా క్యాప్సైసిన్ అతుక్కుని ఉన్నంతసేపు ఆ గ్రాహకాలకి మామూలు గోరువెచ్చదనం కూడా నిప్పులానే తోస్తుంది. అందుకే కారం తిన్న వెంటనే టీ తాగితే ప్రాణం పోతుంది. క్లయింట్ల ఇళ్లలో మర్యాదకి టీ చేతిలో పెడతారు. వద్దంటే బావుండదు, తాగితే బతకం. అలాంటప్పుడు నేను కప్పు పట్టుకుని పాలసీ గురించి చాలాసేపు మాట్లాడతాను.

రెండో విషయం నీళ్లు. కర్రీ పాయింట్‌లో ప్రతి బల్ల మీదా జగ్గు ఉంటుంది, అందరూ గటగటా తాగేస్తారు. చల్లటి నీళ్లు నోట్లో ఉన్నంతసేపు హాయిగానే ఉంటుంది. మింగగానే మంట మళ్లీ మొదలు. జిడ్డు గిన్నె మీద ఉత్త నీళ్లు పోస్తే జిడ్డు పోతుందా? ఇదీ అంతే. గిన్నెకి సబ్బు కావాలి, నోటికి పాలల్లో ఉండే కేసిన్ కావాలి. కేసిన్ అనేది పాలలో ఉండే మాంసకృత్తు. అది క్యాప్సైసిన్‌ని పట్టుకుని నాలుక మీద నుంచి తీసుకుపోతుంది. పెరుగు కొట్టు దగ్గర రద్దీకి అసలు కారణం ఇదే, అమ్మగారికి కేసిన్ పేరు తెలియకపోయినా సరే.

ఇప్పుడు పెరుగు. ఆనందపురం వైపు నుంచి తెల్లవారుజామున గేదెపాలు వస్తాయి. వాటిని సన్న సెగ మీద మరగనిచ్చి, గోరువెచ్చన అయ్యాక మట్టి కుండల్లో తోడేస్తారు. కుండ నీళ్లు పీల్చుకుంటుంది కాబట్టి పెరుగు గట్టిగా ఉంటుంది, గరిటె దింపితే అంచు నిలబడుతుంది. పైన మీగడ లేత పసుపులో, అక్కడక్కడా కుండ వాసన పట్టి ఉంటుంది. అమ్మగారు కప్పులో వేసేటప్పుడు మీగడా, కింద పెరుగూ రెండూ వచ్చేలా గరిటెని నిలువుగా దింపుతారు. పైపైన తోడి ముందొచ్చినవాడికి మీగడ, వెనకొచ్చినవాడికి నీళ్లు పెట్టే రకం కాదు. కప్పు ఇరవై రూపాయలు. చెంచా అడిగితే ఇస్తారు, చాలామంది అడగరు, ఎత్తి పోసేసుకుంటారు.

నేను తొందరపడను. ఒక చెంచా నోట్లో వేసుకుని మింగకుండా నాలుక చుట్టూ తిప్పి, పెదాల లోపలికి కూడా తెచ్చి, కాసేపు ఉంచి అప్పుడు మింగుతాను. మళ్లీ ఇంకో చెంచా. మొదటి చెంచాకి చల్లదనం తెలుస్తుంది. రెండు మూడు అయ్యేసరికి నాలుక కొస మీద మంట పల్చబడుతుంది. పెదాలది ఆఖరున పోతుంది, ఎందుకంటే పెరుగు అక్కడ నిలవదు. పెదాలకి మీగడ రాసుకుని కూర్చోవడం నలుగురిలో బావుండదు గానీ పనిచేస్తుంది. అక్కడికొచ్చే కాలేజీ పిల్లలు చాటుమాటుగా చేస్తూనే ఉంటారు.

మీగడ గురించి అమ్మగారికీ నాకూ చిన్న వాదన ఉంది. "మీగడే మందమ్మా, నేతిలో ఉండే చలవ అది" అంటారావిడ. మావాడి లెక్క వేరు. అమెరికాలో పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీ వాళ్లు 2019లో ఒక పరిశోధన చేశారు. కారం రుచి చూపించి, తర్వాత రకరకాల పానీయాలు తాగించి, ఏది మంట తగ్గిస్తుందో చూశారు. వెన్న తీసిన పాలు కూడా చిక్కటి పాలంత బాగా పనిచేశాయి. అంటే పని చేసేది కొవ్వు ఒక్కటే కాదన్నమాట. సోడా, కోలా లాంటివి పాలకి దరిదాపుల్లోకి రాలేదు. కాబట్టి ఒళ్లు తగ్గాలని మీగడ మానేసినవాళ్లు దిగులు పడక్కర్లేదు, మీగడ లేని పెరుగైనా మంట తగ్గిస్తుంది. నేను మాత్రం మీగడ వేయించుకుంటాను. అది మంట కోసం కాదు, నా కోసం.

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. ఈ కొట్టు దాకా రాలేనివాళ్లు వీధి చివర విశాఖ డెయిరీ బూత్‌లో పెరుగు ప్యాకెట్ కొనుక్కున్నా మంట విషయంలో జరిగే పని అదే. కేసిన్ రెండింట్లోనూ ఉంటుంది. కుండ పెరుగుకి ఎక్కువ డబ్బులు ఇచ్చేది రుచికి.

ఇక ఆ పోయిన మార్కు. కొట్టు ముందు పెద్ద స్టీలు డ్రమ్ములో మజ్జిగ ఉంటుంది, గ్లాసు పదిహేను. నోరు మండుతూ వచ్చినవాళ్లు ముందు దాన్నే చూస్తారు. చల్లగా ఉంటుంది, పైన కరివేపాకు తేలుతూ ఉంటుంది. గ్లాసు ఎత్తి తాగాక తెలుస్తుంది, అందులో అల్లంతో పాటు పచ్చిమిరపకాయలు దంచి వేశారని! మంటతో వచ్చినవాడికి మళ్లీ మిరపకాయా? అడిగితే అమ్మగారు ఏమాత్రం తగ్గకుండా, "మిరపకాయ లేకపోతే మజ్జిగెలా అవుద్దమ్మా, నీళ్లవుద్ది గానీ" అన్నారు. ఎండలో తిరిగి వచ్చి దాహం తీర్చుకోవడానికి ఆ మజ్జిగ అద్భుతం, అందులో అనుమానం లేదు. ఉప్పూ, అల్లమూ సరిగ్గా పడతాయి. కానీ కర్రీ పాయింట్ పక్కన కూర్చుని, వచ్చేవాళ్లందరి అవస్థా కళ్లారా చూస్తూ, ఉత్త మజ్జిగ డ్రమ్ము ఒకటి పక్కన పెట్టకపోవడం నాకు నచ్చలేదు. అడిగితే అప్పటికప్పుడు పెరుగులో నీళ్లు పోసి కవ్వంతో చిలికి ఇస్తారు, అదే ధర. అయితే అడగాలని కొత్తవాళ్లకి ఎలా తెలుస్తుంది? ఇంకోటి, మజ్జిగ ఎంత పల్చనైతే అందులో కేసిన్ అంత తక్కువ. మంటకి మజ్జిగ కంటే పెరుగే నయం.

లస్సీ కూడా చేస్తారు, నలభై రూపాయలు. కొంచెం తీపి ఎక్కువ, మామూలుగా అయితే నేను సగం గ్లాసుకి మించి తాగలేను. కానీ మంట మీద తాగి చూడండి. తీపి కూడా కారాన్ని అణుస్తుంది. మిరపకాయల ఘాటు కొలిచే స్కోవిల్ లెక్క విన్నారా? 1912లో విల్బర్ స్కోవిల్ అనే ఆయన మొదలుపెట్టిన ఆ పద్ధతిలో మిరప సారాన్ని చక్కెర నీళ్లతో పల్చన చేస్తూ పోయేవారు. నాలుకకి మంట తెలియడం ఆగేదాకా ఎన్ని రెట్లు పల్చన చేయాల్సి వచ్చిందో అదే దాని ఘాటు. ఆ లెక్కన గుంటూరు సన్నం మిరపకాయలు సుమారు 35 వేల నుంచి 40 వేలు. అత్తగారికి ఈ అంకె చెబితే, ఏదో మనవడికి ర్యాంకు వచ్చినంత సంబరపడ్డారు.

తీపి పనిచేస్తుంది కాబట్టి నా హ్యాండ్‌బ్యాగులో ఎప్పుడూ చిన్న డబ్బాలో అనకాపల్లి బెల్లం ముక్కలు ఉంటాయి. పెరుగు దొరకని చోట చిన్న ముక్క నాలుక మీద పెట్టుకుని కరిగిస్తాను. నమిలి మింగేస్తే లాభం లేదు. ఇంట్లో మాడుగుల హల్వా ఉంటే ఇంకా మంచిది, అందులో చక్కెరా ఉంది, నెయ్యీ ఉంది. నేతిలో క్యాప్సైసిన్ కరుగుతుంది. అలాగని మంట పేరు చెప్పి హల్వా డబ్బా ఖాళీ చేస్తే ఆ తర్వాత వచ్చే షుగర్ రిపోర్టుకి నా బాధ్యత లేదు.

వైజాగ్‌లో చాలామంది నమ్మే ఇంకో మందు కొబ్బరి బొండం. బీచ్ రోడ్డులో మురీ మిక్చర్ తిని, నోరు భగ్గుమంటే పక్కనే బొండం కొట్టించుకుంటారు. దాహానికి మంచిదే, కొంచెం తీపి కూడా. అయినా అది నీళ్లే కదా, పాల ముందు నిలవదు. గోలీ సోడా అయితే అసలు వద్దు, గ్యాసు వెళ్లి మండుతున్న నాలుకని ఇంకా గుచ్చుతుంది. ఐసు ముక్క చప్పరిస్తే చప్పరించినంతసేపే. పుదీనా వేరే దారిలో వస్తుంది: అందులోని మెంథాల్ చల్లదనాన్ని కనిపెట్టే గ్రాహకాలని తట్టి చల్లగా ఉన్నట్టు అనిపిస్తుంది, మంటని మాత్రం తీయదు. ఉత్త అన్నం, అరటిపండు ఎంతో కొంత నాలుకని తుడుస్తాయి. బాదం పాలు, సోయా పాలు అని ఈ మధ్య డబ్బాల్లో వస్తున్నవాటిలో కేసిన్ ఉండదు, పేరు చూసి మోసపోకండి.

ఒకసారి అత్తగారిని ఈ కొట్టుకి తీసుకెళ్లాను. ఆవిడ మంట కోసం రాలేదు, "ఏమంత గొప్ప పెరుగో చూద్దాం పద అమ్మాయ్" అని వచ్చారు. మేం వెళ్లేసరికి అమ్మగారు బల్ల వెనక పీట మీద కూర్చుని పచ్చిమిరపకాయలకి గాట్లు పెడుతున్నారు. ముందురోజు మిగిలి పులిసిన మజ్జిగలో ఉప్పేసి వాటిని నానబెట్టి, ఎండబెట్టి చల్ల మిరపకాయలు చేసి అమ్ముతారు. చలవ చేసే కొట్టులోనే మంట తయారవడం చూసి నాకు నవ్వాగలేదు. అత్తగారు మాత్రం పీట పక్కన ఇంకో పీట లాక్కుని కూర్చున్నారు. ఇద్దరూ మిరపకాయల గురించి మాట్లాడుకుంటుంటే నేను బిల్లు కట్టే మనిషినైపోయాను.

అక్కడ ఒకటి దగ్గరగా చూశాను. గాట్లు పెట్టడం అయ్యాక అమ్మగారు చేతులు నీళ్లతో కడగలేదు. ముందు అరచేతిలో కాస్త కొబ్బరినూనె వేసుకుని వేళ్ల సందుల్లోకి, గోళ్ల కిందకి బాగా రుద్దారు. తర్వాత సబ్బు. తర్వాత నీళ్లు. "నీళ్లెట్టి కడిగితే రాత్రికి కూడా మండుతాదమ్మా, మర్సిపోయి కన్ను ముట్టుకున్నావా సచ్చావే" అన్నారు. ఏ పుస్తకం చదవకుండా ఆవిడ చేస్తున్నది అక్షరాలా సరైన పద్ధతి: నూనెలో కరిగేదాన్ని నూనెతో తీసి, ఆ నూనెని సబ్బుతో తీయడం. గింజలు తీసేస్తే కారం పోతుందంటారే, అది కూడా ఆవిడ ఒప్పుకోలేదు. మిరపకాయ చీల్చి లోపల గింజలు అతుక్కుని ఉండే తెల్లటి ఈనెని గోటితో చూపించారు. కారమంతా అక్కడే ఉంటుంది, దాన్ని ఆనుకుని ఉండబట్టి గింజలకి అంటుతుంది. అత్తగారు తలాడించారు. మా ఇంట్లో ఎవరు ఏం చెప్పినా తలాడించని మనిషి.

పెరుగు తిన్నాక అత్తగారి తీర్పు: "కాస్త తీపెక్కువ, అయినా బాగానే ఉంది." నరసరావుపేట నుంచి ఇంతకంటే పెద్ద సర్టిఫికెట్ రాదు.

కొట్టు లోపాలు ఇంకొన్ని. కూర్చోవడానికి చోటు లేదు, నిలబడే తినాలి. సందు ఇరుకు, కారు తీసుకెళ్లకండి, స్కూటీ కూడా గోడ వార పెట్టాలి. స్టీలు గ్లాసులు ఒకే బకెట్‌లో ముంచి తీస్తారు. అది పట్టింపు ఉంటే పేపర్ కప్పు అడగండి, లేదా నాలా గ్లాసు తెచ్చుకోండి. మధ్యాహ్నం మూడు దాటాక పెరుగు పులుపెక్కుతుంది, మన ఊరి ఉక్కకి అది తప్పదు. పులుపెక్కినా మంట తగ్గిస్తుంది, తినడానికే అంత బావుండదు. పార్సిల్ పల్చటి కవర్‌లో కట్టిస్తారు, ఎత్తుపల్లాల రోడ్డులో స్కూటీ డిక్కీలో పెడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. డబ్బా పట్టుకెళ్లడమే మేలు. స్కానర్ ఉంది, చిల్లర గొడవ లేదు.

పెరుగుతో తీరని బాధలూ ఉంటాయి. నోట్లో పూత ఉన్నా, కారం తినకపోయినా నాలుక రోజూ మండుతున్నా అది డాక్టరుకి చూపించుకోవాల్సిన విషయం. తిన్న వెంటనే పెదాలు వాచినా, ఊపిరి అందకపోయినా కొట్టు వెతుక్కోకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి. పాలు పడనివాళ్లు బెల్లంతోనో చక్కెరతోనో సరిపెట్టుకోవచ్చు. మామూలు కారం మంట అయితే ఏమీ చేయకపోయినా కాసేపటికి దానంతట అదే పోతుంది. ఆ కాసేపు భరించలేకే కదా మనం ఇరవై రూపాయలు ఇచ్చేది.

ఆదివారం కర్రీ పాయింట్‌లో మటన్ ఉంటుంది కాబట్టి పెరుగు మధ్యాహ్నం ఒంటిగంటకే అయిపోతుంది. పొద్దున్న వెళ్లి చెబితే చిన్న దుత్త ఒకటి పక్కన పెడతారు. దుత్తకి యాభై రూపాయలు అదనంగా తీసుకుంటారు, కడిగి తిరిగిస్తే వెనక్కి ఇచ్చేస్తారు. సోమవారం కొట్టు ఉండదు, కర్రీ పాయింట్ మాత్రం ఉంటుంది. సోమవారం నేను పప్పు తింటాను.